బెంగళూరు ఇంటి మీద సోలార్: ఒకే బిల్డింగులో మూడు మీటర్లుంటే ఎన్ని కిలోవాట్లు, ఏ కాగితాలు, సబ్సిడీ ఎవరి చేతికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రామమూర్తి నగర్‌లో 30×40 సైటు, సొంత ఇల్లు. పై అంతస్తులో మీరుంటారు, కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చారు. మూడింటికీ వేర్వేరు మీటర్లు. మీ మీటరుకు నెలకు 2,600 దాకా బిల్లు వస్తోంది. మీటరు ఇంకా కాలం చేసిన నాన్నగారి పేరు మీదే ఉంది. సోలార్ ఇన్‌స్టాలరు 5 కిలోవాట్లు పెట్టమంటున్నాడు, బీబీఎంపీ (బెంగళూరు నగర పాలికె) పర్మిషన్ కోసమని 25 వేలు విడిగా అడుగుతున్నాడు, సబ్సిడీ తానే ముందుగా తగ్గించేస్తానంటున్నాడు, కరెంటు పోయినా ఇల్లంతా వెలుగుతుందని చెప్తున్నాడు. నమ్మొచ్చా అని.

సూటిగా చెప్తానండి. మీకు 3 కిలోవాట్లు చాలు. అదీ మీరుంటున్న పోర్షన్ ఆర్‌ఆర్ నంబరు (బిల్లు మీదుండే కనెక్షన్ నంబరు) మీద మాత్రమే. బీబీఎంపీకి (ఇప్పుడు గ్రేటర్ బెంగళూరు అథారిటీ, జీబీఏ అనుకోండి) కట్టాల్సింది ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్య ఘర్ పథకం సబ్సిడీ 78,000 మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, అదీ పని మొత్తం అయ్యాక. కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (లైను కరెంటుతో కలిసి నడిచేది) కూడా ఆగిపోతుంది. వీటన్నిటికంటే ముందు కావాల్సింది బిల్లు మీద పేరు మార్పు. అది కాకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.

5 ఎందుకు వద్దు

బిల్లు విప్పి చూద్దాం. బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ) 2025-26 టారిఫ్‌లో ఇళ్లకు యూనిట్ 5 రూపాయల 80 పైసలు. దాని మీద ఉద్యోగుల పెన్షన్, గ్రాట్యుటీ పేరిట 36 పైసలు, తర్వాత 9 శాతం విద్యుత్ పన్ను. అంతా కలిపితే యూనిట్ 6 రూపాయల 70 పైసల దగ్గర పడుతుంది. ఇది కాక శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) మీద ప్రతి కిలోవాట్‌కు నెలకు 145 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ. మీ లోడ్ 4 కిలోవాట్లనుకుంటే 580 అక్కడే పోయింది. మిగిలిన 2,020ని 6.70తో భాగిస్తే నెలకు దాదాపు 300 యూనిట్లు. మీ అసలు వాడకం అంతే.

బెంగళూరులో నీడ లేని మేడ మీద ఒక కిలోవాట్‌కు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు లెక్కేసుకోవచ్చు. 3 కిలోవాట్లకు రోజుకు 12, నెలకు 360. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు 13, 14 వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బుల్లో 9, 10కి దిగుతుంది. అంటే వానాకాలంలో కాస్త తక్కువ, ఎండాకాలంలో కాస్త మిగులు. మీకిది సరిగ్గా సరిపోయే కొలత.

ఇప్పుడు 5 కిలోవాట్లు పెడితే నెలకు 600 యూనిట్లు వస్తాయి, సగం మిగిలిపోతాయి. మిగిలినవాటికి బెస్కామ్ డబ్బిస్తుంది, నిజమే. కానీ ఆ రేటు కేఈఆర్‌సీ (కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్) నిర్ణయించి మీ ఒప్పందంలో రాసినది. సబ్సిడీ తీసుకున్న ఇంటికి అది మీరు కొనే ధరలో సగానికి కూడా చేరదు. పైగా సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ అదనపు 2 కిలోవాట్లకు లక్షకు పైగా మీ జేబులోంచే. మీ లోడ్ 4 ఉండగా 5 పెడితే లోడ్ కూడా 5కు పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఈ లోడ్ పెంపు డిస్కమే (ఇక్కడ బెస్కామే) చేసిపెట్టాలి. మీకు అర్జీ తిప్పలు తప్పుతాయి గానీ ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం నెలనెలా 145 పెరుగుతుంది. ఇన్‌స్టాలర్ల కొటేషన్లలో ఈ లైను ఎప్పుడూ కనిపించదు.

త్వరలో ఎలక్ట్రిక్ కారు కొనేట్టుంటే మాట వేరు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 130 నుంచి 150 యూనిట్లు అదొక్కటే తాగుతుంది. అప్పుడు 4 కిలోవాట్ల గురించి ఆలోచించండి.

అద్దె పోర్షన్ల మీటర్లు

సోలార్ ఒక్క ఆర్‌ఆర్ నంబరుకే ముడిపడుతుంది. మేడ ఒకటే కదా అని మూడు మీటర్ల బిల్లులూ తగ్గవు. కొందరు ఇన్‌స్టాలర్లు ‘మూడు మీటర్లూ కలిపి ఒకటి చేయించండి, అప్పుడు 8 కిలోవాట్లు పెట్టొచ్చు’ అని సలహా ఇస్తారు. మీ విషయంలో ఇది పెద్ద తప్పు. కింద అద్దెకున్నవాళ్లు గృహజ్యోతి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) కింద 200 యూనిట్ల లోపు వాడుకుంటూ సున్నా బిల్లు కడుతుంటే, మీటర్లు కలిపిన రోజే ఆ లబ్ధి పోతుంది. వాళ్లు ఉచితంగా పొందుతున్న కరెంటును మీరు లక్షలు పోసి తయారుచేసినట్టు అవుతుంది. వాళ్ల మీటర్ల జోలికి వెళ్లకండి.

ఇది చదివే మిగతావాళ్లకూ ఒక మాట. మీరే 200 యూనిట్ల లోపు వాడుతూ గృహజ్యోతిలో సున్నా బిల్లు కడుతుంటే, డబ్బు ఆదా కోసం సోలార్ పెట్టకండి. తిరిగొచ్చేది ఏమీ ఉండదు.

పేరు మార్పు

అర్జీలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. పీఎం సూర్య ఘర్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు బెస్కామ్ అకౌంట్ ఐడీ కొడితే బిల్లు మీదున్న పేరే తెర మీదకు వస్తుంది. బిల్లు పేరు, ఆధార్ పేరు, బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకే మనిషివి కావాలి. నాన్నగారి పేరుతో ముందుకు పోతే, ప్యానెళ్లు ఎక్కి, మీటరు పెట్టి, చివర్న సబ్సిడీ దగ్గర బండి నిలిచిపోతుంది. చనిపోయినవారి పేరుతో బ్యాంకు ఖాతా ఇవ్వలేం కదా.

మీ ఏరియా బెస్కామ్ సబ్‌డివిజన్‌లో పేరు మార్పుకు అర్జీ పెట్టండి. మరణ ధ్రువపత్రం, నాడకచేరిలో (రెవెన్యూ శాఖ ఆఫీసు) తీసుకునే వంశవృక్షం, ఇంటి ఖాతా కాగితం (పాలికె ఆస్తి రికార్డు), మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం సిద్ధం చేసుకోండి. ఈ ఇంటి ఖాతా ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు అది మార్పించుకుని ఈ-ఖాతా (దాని డిజిటల్ రూపం) తీసుకోవడం మంచిది. అమ్మగారి పేరు మీదకు మార్చినా ఇబ్బంది లేదు, అప్పుడు సోలార్ అర్జీ, బ్యాంకు ఖాతా కూడా ఆవిడవే పెట్టాలి. స్పెల్లింగు కూడా చూసుకోండి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. బిల్లు మీద, ఆధార్‌లో, పాస్‌బుక్‌లో మూడు రకాలుగా ఉన్న పేరుకు తర్వాత అఫిడవిట్లు రాసుకుంటూ తిరగాలి. పాత బకాయిలుంటే అవి కూడా ముందే కట్టేయండి.

అర్జీ నడక

పేరు మారాక జాతీయ పోర్టల్‌లో ‘పీఎం సూర్య ఘర్’ కింద రాష్ట్రం, బెస్కామ్, అకౌంట్ ఐడీ ఎంచుకుని, మొబైల్ ఓటీపీతో నమోదు చేసుకోవాలి. తాజా బిల్లు ఎక్కించాలి. 10 కిలోవాట్ల లోపు అర్జీకి సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే ఆమోదం వచ్చినట్టు లెక్క, ఇది కూడా పైన చెప్పిన 2024 సవరణలోనిదే. ఆ తర్వాతే పోర్టల్‌లో నమోదైన ఇన్‌స్టాలర్లలో ఒకరిని ఎంచుకుని ఒప్పందం రాసుకోవాలి. పని అయ్యాక ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) వివరాలు, మీరు ప్యానెళ్ల పక్కన నిలబడిన ఫోటో ఎక్కిస్తారు. బెస్కామ్‌తో విద్యుత్ కొనుగోలు ఒప్పందం జరుగుతుంది, అది 25 ఏళ్లది. మీటరు మార్చి, తనిఖీ చేసి, కమిషనింగ్ రిపోర్టు ఇస్తారు. అది పోర్టల్‌లో కనిపించాక మీ బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు ఎక్కిస్తే సబ్సిడీ మీ ఖాతాకు వస్తుంది.

ఈ వరుసలో ఎక్కడా పాలికె అనుమతి అడగరు. 25 వేలు దేనికని ఆ ఇన్‌స్టాలరును రాతపూర్వకంగా, రసీదుతో చెప్పమనండి. మాట మారుస్తాడు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: స్తంభాలు ఎత్తి ప్యానెళ్లు బిగించడం వేరు, ఆ స్తంభాల మధ్య గోడలు కట్టి గది చేయడం వేరు. రెండోది చేస్తే అది ప్లానులో లేని అంతస్తు, ఆ తిప్పలు సోలార్ వల్ల వచ్చినవి కావు.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు మేడ ఉమ్మడి ఆస్తి కాబట్టి అసోసియేషన్ తీర్మానం లేకుండా ఎవరూ ప్యానెళ్లు పెట్టుకోలేరు. లిఫ్టు, పంపు, కామన్ లైట్ల మీటరు మీద అసోసియేషనే పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. అది వేరే పద్దు.

సబ్సిడీ లెక్క, అందులో మోసం

మొదటి 2 కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం 78,000. అక్కడితో సరి. 5 పెట్టినా 10 పెట్టినా అంతే.

చాలామంది గమనించని మెలిక ఒకటుంది. సామర్థ్యం లెక్కగట్టేటప్పుడు ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టరు సామర్థ్యం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటారు. 540 వాట్ల ప్యానెళ్లు 6 పెడితే 3.24 కిలోవాట్లు, ఇన్వర్టరు 3, కాబట్టి లెక్క 3. పూర్తి 78,000 వస్తుంది. అదే ఇన్‌స్టాలరు ‘3 కిలోవాట్ల సిస్టమ్’ అని చెప్పి 5 ప్యానెళ్లే పెడితే అది 2.7 కిలోవాట్లు. సబ్సిడీ 72,600కు తగ్గుతుంది. కొటేషన్‌లో ‘3 కిలోవాట్’ అని కాకుండా ప్యానెల్ వాట్లు, ఎన్ని ప్యానెళ్లు, ఇన్వర్టరు మోడల్ విడివిడిగా రాయించుకోండి.

ప్యానెళ్లు డీసీఆర్ రకమే కావాలి. అంటే లోపలి సెల్, మొత్తం ప్యానెల్ (మాడ్యూల్) రెండూ మన దేశంలో తయారైనవి. సెల్ విదేశాలదై మాడ్యూల్ మాత్రం ఇక్కడ బిగించినదైతే సబ్సిడీ రాదు. డీసీఆర్ కానివి చవక, అందుకే ధర మరీ తక్కువ చెప్పే కొటేషన్‌లో ముందు ఇదే అడగండి. ప్యానెళ్లు దిగిన రోజే ప్రతి సీరియల్ నంబరూ ఫోటో తీసుకోండి. ఎక్కించి బిగించాక వెనక వైపు లేబుల్ చదవడానికి నిచ్చెన వేసుకోవాల్సి వస్తుంది.

ఇక ‘సబ్సిడీ నేనే తగ్గిస్తాను’ అనడం. డబ్బు ప్రభుత్వం నుంచి మీ ఖాతాకే వస్తుంది కాబట్టి, అతను ముందు తగ్గించి తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవాలి. దానికోసం సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడుగుతారు. పని మధ్యలో ఆగితే మీ చెక్కు అతని దగ్గర ఉంటుంది. పూర్తి ధరకే మాట్లాడుకుని వాయిదాల్లో ఇవ్వండి. అడ్వాన్సు 20 నుంచి 30 శాతం, పెద్ద భాగం సరుకు మేడ మీదకు వచ్చాక, చివరి 10 శాతం నెట్ మీటరు (వచ్చే, పోయే కరెంటు రెండూ లెక్కేసే కొత్త మీటరు) తిరిగాక. ఆ చివరి 10 శాతం చేతిలో ఉంటేనే ఇన్‌స్టాలరు బెస్కామ్ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు.

డీసీఆర్ ప్యానెళ్లతో 3 కిలోవాట్లకు లక్షా 80 వేల నుంచి 2 లక్షల 20 వేల మధ్య మాట్లాడుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, పాత కొటేషన్ చూపిస్తుంటే కొత్తది అడగండి. 2 లక్షలనుకుంటే సబ్సిడీ పోను లక్షా 22 వేలు. నెలకు 2,000 చొప్పున మిగిలితే అయిదేళ్లలో తిరిగొస్తుంది. బిల్లు సున్నా అవుతుందని మాత్రం అనుకోకండి, ఆ 580 ఫిక్స్‌డ్ చార్జీ ఎప్పటికీ ఉంటుంది. చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల వరకు, 2 లక్షల దాకా ప్రభుత్వ బ్యాంకుల్లో తాకట్టు లేని అప్పు ఉంది, రెపో రేటుకు ముడిపెట్టిన వడ్డీతో. ఇన్‌స్టాలరు తెచ్చే ప్రైవేటు ఫైనాన్సు కంటే ఇది ఎంతో నయం.

మేడ మీద చూసుకోవాల్సినవి

ఒక్కో ప్యానెల్ సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. 6 ప్యానెళ్లకు 170 చదరపు అడుగులు, నడవడానికి, తుడవడానికి సందులతో కలిపి 300 అనుకోండి. 30×40 ఇంటికి చోటు సమస్య కాదు, నీడ సమస్య. మన ఇళ్ల మీద దక్షిణం వైపు మంచి చోటు అప్పటికే వేడినీళ్ల సోలార్ హీటరు ఆక్రమించి ఉంటుంది, దాని పక్కన నీళ్ల ట్యాంకు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడు మీటర్ల ట్యాంకు నీడ ఉత్తరానికి రెండు మీటర్లకు పైగా సాగుతుంది. జూన్‌లో అదే ట్యాంకు నీడ దక్షిణానికి పడుతుంది. ఒక్కరోజు వచ్చి టేపు పట్టి కొలిచి వెళ్లే ఇన్‌స్టాలరుకు ఇది కనిపించదు. ప్యానెళ్లు వరుసగా ఒకే తీగకు కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే మొత్తం వరుస దెబ్బతింటుంది. పక్క సైటు ఖాళీగా ఉంటే, ముఖ్యంగా పడమర వైపు, రేపు అక్కడ నాలుగంతస్తులు లేస్తాయనే అనుకుని ప్యానెళ్లను ఆ గోడకు దూరంగా పెట్టించండి.

వాలు 12 నుంచి 15 డిగ్రీలు, దక్షిణ ముఖం. స్ట్రక్చర్ ఇనుము హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి తీయడం) చేసినదే కావాలి, మీద వెండిరంగు పెయింటు కొట్టినది కాదు. గాలి వేగం ప్రమాణం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు. చెన్నైలో ఇల్లున్నవాళ్లు ఇదే డ్రాయింగు అక్కడ వాడకండి, సముద్రపు గాలికి అక్కడ ప్రమాణం 50. స్లాబులోకి బోల్టులు దించితే మూడో వానకు కింద గదిలో తేమ మచ్చ కనిపిస్తుంది. స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటికి బిగించడం మేలు. దిమ్మె పోసేముందు మేస్త్రీతో ఆ చోట గచ్చు గరుకు చేయించండి, లేకపోతే దిమ్మె కింద నీళ్లు చేరతాయి.

ఎర్తింగ్ మూడు వేర్వేరు గుంతలు: ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఇన్వర్టరు ఏసీ వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఒకే గుంతలో మూడు తీగలూ దింపడం మామూలైపోయింది. పిడుగు పడితే ఆ కరెంటు ఇన్వర్టరులోకి నడిచొస్తుంది.

కరెంటు పోయినప్పటి సంగతి. లైను మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాకు కొట్టకూడదు కాబట్టి గ్రిడ్ పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలి. అది లోపం కాదు, నియమం. వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి, బ్యాటరీకి సబ్సిడీ లేదు. మీ ఇంట్లో యూపీఎస్ ఉంటే అదే చాలు. అయితే సోలార్ తీగ యూపీఎస్‌కు ముందు, మీటరు వైపు కలపాలి. పొరపాటున యూపీఎస్ అవుట్‌పుట్ వైపు కలిపితే, కరెంటు పోయినప్పుడు యూపీఎస్‌ను గ్రిడ్ అనుకుని సోలార్ దాంట్లోకి తోస్తుంది, యూపీఎస్ బోర్డు కాలిపోతుంది.

ప్యానెళ్లు బిగించాక నెట్ మీటరు రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా ‘ఊరికే ఎందుకు ఉంచడం, ఆన్ చేసుకోండి’ అంటారు. చేయకండి. పాత మీటర్లలో కొన్ని బయటికి పోయే కరెంటును కూడా మీరు వాడుకున్నట్టే లెక్కేస్తాయి. ఆ నెల బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది, దాన్ని సరిచేయించడం మహా కష్టం.

నెట్ మీటరు వచ్చాక మొదటి రెండు బిల్లులూ మీరే సరిచూడండి. దిగుమతి, ఎగుమతి రీడింగులు రెండూ మీటరు తెర మీద మారుతూ కనిపిస్తాయి, బిల్లు వచ్చిన రోజు ఫోటో తీసి పోల్చండి. ఇన్వర్టరు యాప్‌లో చూపే ఉత్పత్తి, మీటరు ఎగుమతి ఒకటి కావు. పగలు ఇంట్లో వాడినది మీటరు దాకా రాదు. చాలామంది ఈ తేడా చూసి మీటరు దొంగదంటారు. మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య యాప్‌లో గీత సున్నాకు పడి లేస్తుంటే మాత్రం అది వోల్టేజీ ఎక్కువై ఇన్వర్టరు ట్రిప్ అవడం. ఇన్వర్టరు నుంచి మీటరు దాకా తీగ సన్నదైతే ఇలా అవుతుంది, లావు తీగ వేయించండి. పథకం నియమం ప్రకారం అయిదేళ్లు మెయింటెనెన్స్ ఇన్‌స్టాలరుదే, ఆ ఖర్చు మీరు పెట్టుకోకండి.

తుడవడం పదిహేను రోజులకోసారి, పొద్దున్నే ఎండెక్కకముందు. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే తెల్లటి ఉప్పు పొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. కావేరి కొళాయి నీళ్లు వాడండి, లేదా బోరు నీళ్లే అయితే ఆరకముందే వైపరుతో లాగేయండి.